తిత్తి కాని తిత్తి



ముప్ఫైయైదేళ్ళు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుడు ఊపిరితిత్తుల శస్త్రచికిత్స చరిత్ర రాయడమేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. కాని దీనికొక కారణమున్నది. నిరుడు మా తమ్ముడికి మరేదో జబ్బు నిమిత్తం సీటీ స్కాన్ తీయగా కుడి ఊపిరితిత్తిలో ఎనిమిది మిల్లీమీటర్ల మచ్చ ఒకటి కనిపించింది. కొన్ని నెలలు ఆగి మళ్ళీ తీస్తే అది కొంచెం పెరిగింది. ఏమిటో తేలాలంటే కోసి తీయవలసిందేనన్నారు. శస్త్రవైద్యుడు నా శిష్యుల వయసువాడు, మర్యాదస్థుడు. ఆయన బల్లమీద వెలుగుతున్న తెరను చూసి నేను అమాయకంగా అడిగాను:

"డాక్టరుగారూ, మచ్చ ఇంత స్పష్టంగా కనబడుతోంది కదా! నేరుగా అక్కడికే వెళ్ళి తీసేయవచ్చు గదా?"

"అదే కష్టం మాస్టారూ. ఈ బొమ్మలో ఉన్నది గాలి నిండిన ఊపిరితిత్తి. నేను చేయి పెట్టేది గాలి తీసేసిన ఊపిరితిత్తి మీద. రెండూ ఒక్కటి కావండీ. లోపలికి వెళ్ళాక అది ఎక్కడికి జరిగిందో వెతుక్కోవాలి."

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. దేశపటం చేతిలో ఉన్నది, కాని మనం బయలుదేరగానే దేశమే ఆకారం మార్చుకుంటుందన్నమాట! ఆ ఆసుపత్రి వరండాలో మొదలైన ఆలోచన తరువాత పుస్తకాలలోకి, వ్యాసాలలోకి నడిపించింది. దొరికినదానిలో నాకర్థమైనంత మేరకు మీ ముందుంచుతున్నాను.

మొదట మాట గురించి. పండితుడి చాదస్తమని సరిపెట్టుకోండి. సుశ్రుతసంహితలో ఈ అవయవానికి 'ఫుప్ఫుసము' అన్న పేరు కనిపిస్తుంది. మన తెలుగుమాట మాత్రం కమ్మరి కొలిమి దగ్గర పుట్టినట్టుంటుంది. ఊపిరి తిత్తి, అంటే ఊపిరిని నింపుకొనే తోలుసంచి. నొక్కితే గాలి పోతుంది, లాగితే వస్తుంది. ఎంత చక్కని పోలిక! అయితే ఈ పోలిక ఒకచోట మనల్ని పక్కదారి పట్టిస్తుంది. కొలిమితిత్తి తనంతట తాను ముడుచుకోదు. కమ్మరి చేయి నొక్కాలి. ఊపిరితిత్తి అట్లా కాదు. అది పుట్టిన క్షణంనుంచి పోయే క్షణందాకా లోపలికి ముడుచుకుపోదామనే ప్రయత్నంలోనే ఉంటుంది. ఈ సంగతి మనిషికి తెలియడానికి చాలా కాలం పట్టింది.

1543లో బాసెల్ నగరంలో అచ్చయిన వెసేలియస్ శరీరనిర్మాణ గ్రంథం చివరి అధ్యాయంలో ఒక ప్రయోగమున్నది. బతికున్న జంతువు రొమ్ము తెరిస్తే ఊపిరితిత్తులు కూలిపోతాయి, గుండె లయ తప్పుతుంది. అప్పుడు వాయునాళంలో రెల్లుగొట్టం పెట్టి ఊదితే అవి మళ్ళీ లేస్తాయి, జంతువు బతుకుతుంది. ఊపిరితిత్తి కూలిపోవడాన్ని, తిరిగి లేపడాన్ని ఇంత స్పష్టంగా రాసిపెట్టినా, దానిని మనుషుల శస్త్రచికిత్సకు ఉపయోగించుకోవడానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది.

ఎందుకు కూలిపోతుందన్న ప్రశ్నకు కొలతతో జవాబు వెతికినవాడు లివర్‌పూల్ వైద్యుడు జేమ్స్ కార్సన్. ఆయన చనిపోయిన జంతువుల వాయునాళానికి నీటిగొట్టం కట్టి, తరువాత రొమ్ము తెరిచి, ముడుచుకొనే ఊపిరితిత్తి ఎంత నీటిబరువును నిలపగలదో చూశాడు. 1820లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. దాని సారాంశం ఇది: ఊపిరితిత్తి లోపలికి లాగుతుంది, పక్కటెముకల గోడ బయటికి లాగుతుంది. ఇద్దరు సమబలులు తాడు లాగుతున్నప్పుడు తాడు కదలకుండా ఉన్నట్టుగా, మనం ఊపిరి వదిలి ఆగిన క్షణాన ఊపిరితిత్తి నిలిచివుంటుంది. ఆ రెండింటి మధ్య పలుచని తడిపొరల సందులో ఒత్తిడి, బయటి గాలికన్నా సుమారు 5 సెంటీమీటర్ల నీటిమట్టమంత తక్కువగా ఉంటుంది. ఒకచోట చిల్లుపడి బయటి గాలి ఆ సందులోకి వచ్చిందా, తాడు తెగినట్టే. ఎవరి దారిన వారు పోతారు.

కాబట్టి మనం ఊపిరితిత్తి ఆకారమని బొమ్మల్లో చూసేది ఆ అవయవానికి సొంతమైన ఆకారం కాదు. రెండు బలాల మధ్య కుదిరిన ఒప్పందం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్నది ఈ ఒక్కమాటే. తక్కిన చరిత్రంతా ఆ ఒప్పందం భంగమైనప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న చుట్టూ తిరిగినదే.

* * *

కార్సన్ అక్కడితో ఆగలేదు. క్షయరోగి ఊపిరితిత్తిలో పడిన పుండు, ఈ నిరంతరమైన లాగుడువల్లనే మానడం లేదని ఆయన ఊహించాడు. ఒకవైపు ఊపిరితిత్తిని కావాలనే కూలగొట్టి విశ్రాంతినిస్తే పుండు పూడుతుందనుకొన్నాడు. 1822లో ప్రయత్నించాడు కూడా. కాని జబ్బువల్ల పొరలు రెండూ అతుక్కుపోయి ఉండడంచేత ఊపిరితిత్తి ముడుచుకోలేదు. ఆలోచన అరవైయేళ్ళు నిద్రపోయింది. 1882లో ఇటలీ వైద్యుడు కార్లో ఫోర్లానీని దానిని మళ్ళీ లేవనెత్తి, 1888లో రోగిమీద ప్రయోగించాడు. సూదితో నత్రజనిని పొరల మధ్యకు ఎక్కించడం ఆయన పద్ధతి. రక్తంలో మెల్లగా కలిసే వాయువు గనుక ఎక్కువ కాలం నిలుస్తుంది. 1898లో షికాగోలో జాన్ మర్ఫీ ఇదే మార్గం పట్టాడు. అతుక్కుపోయిన పొరల చిక్కును స్టాక్‌హోమ్ వైద్యుడు యాకోబేయస్ 1913 ప్రాంతంలో తీర్చాడు. రొమ్ములోకి సన్నని గొట్టం పంపి, కంటితో చూస్తూ ఆ అతుకులను కాల్చి విడదీశాడు. ఈనాటి కెమెరా శస్త్రచికిత్సకు పూర్వరూపం అదే.

ఈ చికిత్స మన ప్రాంతానికీ వచ్చింది. మదనపల్లెకు చేరువలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం గురించి రాయలసీమలో తెలియనివారుండరు. ఇరవయ్యో శతాబ్ది రెండో దశకంలో మొదలైన ఆ చికిత్సాలయాన్ని డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ తీర్చిదిద్దాడు. మంచిగాలి, మంచి తిండి, విశ్రాంతి, వాటితోపాటు ఈ గాలి ఎక్కించే చికిత్స. మందులు లేని కాలంలో చేయగలిగింది అదే.

మా మేనత్త ఒక శానటోరియంలో ఈ చికిత్స పొందినవారిలో ఒకరు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది కాలానికి సంగతి, నేనప్పటికి పుట్టలేదు. ఎక్కించిన గాలి క్రమంగా రక్తంలో ఇంకిపోతుంది కనుక వారానికో రెండు వారాలకో వెళ్ళి మళ్ళీ పెట్టించుకోవాలి. ఇట్లా మూడేళ్ళు. నా చిన్నతనంలో ఆమె వంటింటి గడప దగ్గర కూర్చొని, "నాకు ఒక పక్క ఊపిరిని పండబెట్టినార్రా నాయనా, అది లేచేసరికి మీ మామకు జుట్టు నెరిసింది" అని నవ్వేది. నవ్వేటప్పుడు కూడా ఎడమచేయి పక్కటెముకలమీద ఉండేది. అదొక అలవాటనుకొనేవాణ్ణి.

ఆ తరం రోగుల ఎక్స్‌రేల వల్ల వైద్యులకు ఒక విచిత్రం తెలిసింది. గాలి ఎక్కించినప్పుడు ఊపిరితిత్తి అంతా సమానంగా ముడుచుకోవడం లేదు. జబ్బుపడిన భాగం ఎక్కువగా, ఆరోగ్యంగా ఉన్న భాగం తక్కువగా ముడుచుకోవడం అనేకసార్లు కనిపించింది. తోలుసంచి అయితే ఇట్లా ఎందుకవుతుంది? తిత్తి పోలిక వదులుకోవలసిందేనని చెప్పిన తొలి సాక్ష్యాలలో ఇదొకటి.

1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నారు, 1952లో ఐసోనియాజిడ్ వాడకం వచ్చింది. 1956లో మద్రాసులో మొదలై 1959లో ఫలితాలు వెలువడిన అధ్యయనం, మందులు సక్రమంగా వాడితే పేదయింటిలో ఉండి తీసుకొన్నా చికిత్సాలయంలో తీసుకొన్నంత గుణమిస్తుందని నిరూపించింది. గాలి ఎక్కించే చికిత్స చరిత్రలో కలిసిపోయింది. కాని ఊపిరితిత్తిని కూలగొట్టవలసిన అవసరం మాత్రం మరో తలుపునుంచి తిరిగివచ్చింది.

* * *

ఆ తలుపు శస్త్రచికిత్స. రొమ్ము తెరిస్తే ఊపిరితిత్తి కూలి రోగి చనిపోతాడన్న భయంతో ఇరవయ్యో శతాబ్ది మొదటివరకు శస్త్రవైద్యులు లోపలికి పోవడానికి సంకోచించేవారు. 1904లో బ్రెస్లౌలో ఫెర్డినాండ్ సౌవర్‌బ్రుఖ్ ఒక గది కట్టించాడు. రోగి శరీరం, శస్త్రవైద్యుడు లోపల, రోగి తల మాత్రం బయట, మెడచుట్టూ గాలి చొరని పట్టీ. లోపలి గాలి ఒత్తిడిని తగ్గిస్తే రొమ్ము తెరిచినా ఊపిరితిత్తి కూలదు. సందులో ఉండవలసిన ఒత్తిడిని గదికంతటికీ తెచ్చాడన్నమాట! 1909లో న్యూయార్కులో మెల్ట్‌జర్, ఆవర్ అనే ఇద్దరు దీనికి ఎదురుదారి తొక్కారు. గదితో పనిలేకుండా వాయునాళంలో గొట్టం పెట్టి గాలిని లోనికి పంపారు. వెసేలియస్ రెల్లుగొట్టం తిరిగివచ్చింది. గదులు మూలపడ్డాయి.

ఊపిరితిత్తి కూలకుండా కాపాడుకోవడం వచ్చాక, ఉబ్బుతూ తగ్గుతూ ఉన్నదానిమీద కత్తి నిలవదన్న సంగతి బయటపడింది. ఒకదాన్ని ఆడనిస్తూ రెండోదాన్ని కావాలని పడుకోబెట్టాలి. 1931లో అమెరికా వైద్యులు గేల్, వాటర్స్ ఒక వైపు నాళికలోకే గొట్టం పంపి ఒక్క ఊపిరితిత్తితో మత్తు నడిపారు. 1949లో స్వీడన్‌కు చెందిన ఎరిక్ కార్లెన్స్ రెండు దారులున్న గొట్టం తయారుచేశాడు. రెండు ఊపిరితిత్తుల శక్తిని విడివిడిగా కొలవడానికి చేసిన ఆ పరికరం, మరుసటి ఏడాదికే శస్త్రచికిత్సలో ప్రవేశించింది. నేటి గొట్టాలు దాని సంతతివే. ఐదు శతాబ్దాల క్రితం మృత్యుకారణమైన స్థితి ఇప్పుడు శస్త్రవైద్యుడు "ఇంకా కూలలేదే" అని మత్తు వైద్యుణ్ణి తొందరపెట్టే స్థితి అయింది.

కూలడం కూడా రెండు దశలలో జరుగుతుంది. రొమ్ములోకి గాలి చేరగానే, సాగదీసిన రబ్బరు వదిలినట్టు ఊపిరితిత్తి తన బిగువుతోనే చప్పున ముడుచుకొంటుంది. ఇది నిమిషంలోపు ముగుస్తుంది. అప్పటికి సన్నని నాళికలు మూసుకుపోయి కొంత గాలి లోపలే చిక్కుబడుతుంది. ఆ చిక్కిన గాలి రక్తంలోకి ఇంకిపోవడమే రెండవ దశ, ఇది నిదానం. నత్రజని త్వరగా ఇంకదు కాబట్టి మత్తు వైద్యులు ముందుగానే స్వచ్ఛమైన ప్రాణవాయువు నింపుతారు. గమనించారా? ఫోర్లానీని ఏ గుణం చూసి నత్రజనిని ఎంచుకొన్నాడో, అదే గుణం చూసి వీరు దానిని వెళ్ళగొడుతున్నారు.

ఇంతకూ ఆ బిగువు ఎక్కడిది? 1929లో ఫాన్ నీర్‌గార్డ్ ఒక ఊపిరితిత్తిని గాలితో నింపి చూశాడు, ద్రవంతో నింపి చూశాడు. ద్రవంతో నింపడానికి చాలా తక్కువ ఒత్తిడి సరిపోయింది. అంటే బిగువులో పెద్దపాలు కండరానిదీ నారదీ కాదు, కోట్లాది వాయుకోశాల లోపలి తడిపొర తలతన్యతది. సబ్బుబుడగను ముడిచే బలమే. ఈ బలం పూర్తిగా ప్రబలితే చిన్న కోశాలన్నీ మూసుకుపోవాలి. దాన్ని తగ్గించే జిగట పదార్థమొకటి ఊపిరితిత్తిలోనే ఊరుతుందని 1950లలో ప్యాటిల్, క్లెమెంట్స్ చూపించారు. నెలలు నిండని పసికందులు ఊపిరాడక చనిపోవడానికి కారణం ఆ పదార్థం చాలకపోవడమేనని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జియర్ మీడ్ తెలియజేశారు. ఎందరో బిడ్డలు దానివల్ల బతికారు. ఆ కథకు వేరే టపా కావాలి.

మీడ్ 1970లో మరొక మెట్టెక్కాడు. ఏ కోశమూ ఒంటరిది కాదు, పొరుగు కోశాల గోడలే దాని గోడలు. ఒకటి కూలబోతే పొరుగువి పట్టి లాగుతాయి. ఉమ్మడి గోడల పెంకుటిళ్ళ వీథిలో ఒక ఇల్లు ఒరిగితే పక్కిళ్ళు ఆపినట్టు. 1972లో వెస్ట్, మాథ్యూస్ ఈ అవయవాన్ని గణకయంత్రంలో చిన్నచిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క పొరుగుముక్కమీద ఎంత లాగుడు చూపుతుందో లెక్కవేసి, కేవలం తన బరువువల్లనే ఊపిరితిత్తి పైభాగం సాగి కిందిభాగం నొక్కుకుంటుందని చూపారు. నేటి నమూనాలకు పునాది ఈ ముక్కల లెక్కే.

* * *

ఇక మా తమ్ముడి మచ్చ దగ్గరకు వద్దాం. 1990ల మొదట్లో చిన్న రంధ్రాలగుండా కెమెరాతో ఊపిరితిత్తి శస్త్రచికిత్స చేయడం వ్యాప్తిలోకి వచ్చింది. రోగికి నొప్పి తగ్గింది. కాని శస్త్రవైద్యుడి వేళ్ళకు తడిమే అవకాశం పోయింది. 2011లో అమెరికాలో పెద్ద అధ్యయనం ఒకటి, పొగతాగేవారికి తక్కువ మోతాదు సీటీ తీస్తే ఊపిరితిత్తి క్యాన్సరు మరణాలు ఐదోవంతు తగ్గుతాయని తేల్చింది. సీటీలు పెరిగాయి, కందిగింజంత మచ్చలు ముందుగా కనబడడం పెరిగింది. ఒకవైపు కన్ను సూక్ష్మమైంది, మరొకవైపు చేయి దూరమైంది.

సీటీ తీసేటప్పుడు మనిషి వెల్లకిల పడుకొని గుండెలనిండా ఊపిరి బిగబడతాడు. బల్లమీద పక్కకు తిప్పి పడుకోబెడతారు. గుండె, దాని చుట్టుపట్లవి కిందికి జారతాయి. తరువాత గాలి తీస్తారు. ఊపిరితిత్తి తన వేరువైపు, అంటే రక్తనాళాలూ శ్వాసనాళికా కలిసే చోటివైపు ముడుచుకొంటుంది. కుడివైపున మూడు తమ్మెలు, ఎడమన రెండు, అవి ఒకదానిమీద ఒకటి జారతాయి. పొగతాగి బిగువు పోయిన ఊపిరితిత్తి సరిగా ముడుచుకోదు. అతుకులుంటే అక్కడ ఆగిపోతుంది.

దీనిని ముందుగా లెక్కకట్టగలమా అన్నదే గత పదిహేనేళ్ళుగా కొందరి తపన. కెనడాలో ఒక బృందం, రోగి ఊపిరి పీల్చి వదిలే దశల చిత్రాలనుబట్టి పూర్తిగా కూలిన స్థితి చిత్రాన్ని ఊహించే మార్గం వెతికింది. క్యోటోలో పరిశోధకులు కుక్కల ఊపిరితిత్తులను నిండినప్పుడూ ముడుచుకొన్నప్పుడూ స్కాన్ తీసి, ఏ బిందువు ఎక్కడికి పోయిందో పోల్చారు. ఫ్రాన్సులోని రెన్ నగరంలో, శస్త్రచికిత్స బల్లమీదనే తీసిన స్కానును పాతదానితో కలిపి, మార్పును రెండుగా విడగొట్టారు. మొదట పక్కకు తిప్పడంవల్ల వచ్చినది, తరువాత గాలి పోవడంవల్ల వచ్చినది. వారి లెక్కలో ఊపిరితిత్తి సంచి కాదు, స్పంజి. గట్టిపదార్థమూ, దాని సందుల్లో కదిలే గాలీ రెండూ లెక్కలోకి వస్తాయి.

ఈ లెక్కలు ఇంకా ఎక్కువగా పరిశోధన దశలోనివే. ప్రతి మనిషి ఊపిరితిత్తి బిగువూ వేరు, ఏ నాళిక ఎప్పుడు మూసుకొని ఎంత గాలిని బంధిస్తుందో ముందు తెలియదు. అందుకని ఆసుపత్రులలో పాత ఉపాయాలే నడుస్తున్నాయి. సీటీ చూస్తూ మచ్చ దగ్గర కొక్కెం ఉన్న సన్నని తీగ గుచ్చడం, లేదా రంగు ఎక్కించడం.

మా తమ్ముడికి తీగ గుచ్చారు. "చేపకు గాలం వేసినట్టు వేసినారన్నా" అని నవ్వుతూనే లోనికి వెళ్ళాడు. రెండు గంటలన్నది మూడు దాటింది. వరండాలో మా మరదలు ఏ దేవుణ్ణీ వదలలేదు. నేను గోడగడియారం చూస్తూ, కార్సన్ నీటిగొట్టాన్ని గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకు చేతనైన జపం అది. తరువాత ఆ వైద్యుడు వచ్చి చెప్పాడు: ఊపిరితిత్తి కూలేటప్పుడు తీగ జారి ఊడిపోయిందట. ఇది ఎక్కడైనా జరిగేదేనట. రంధ్రం కొంచెం పెద్దది చేసి, వేలు పెట్టి తడిమి పట్టుకొన్నాడట. "చివరికి వేలే దిక్కయింది మాస్టారూ" అన్నాడు. ఆయన నుదుటిమీద టోపీ అచ్చు ఇంకా ఉన్నది. నేను చేతులెత్తి నమస్కరించాను.

వారం తరువాత ఫలితం వచ్చింది. క్యాన్సరు కాదు. పాత క్షయ తాలూకు గడ్డ. ఎప్పటిదో, ఎవరినుంచి వచ్చిందో చెప్పలేమన్నారు. ఆ గడప దగ్గర మేనత్త ఒడిలో నాకన్నా ఎక్కువ కాలం కూర్చొన్నవాడు మా తమ్ముడే. అయితే మన దేశంలో క్షయ ఏ బస్సులోనైనా అంటవచ్చు. ఆమెమీద నేరం మోపడానికి నాకు మనసూ రాదు, ఆధారమూ లేదు.

ఆమె పక్కటెముకలమీద చేయి వేసుకొని కూర్చోవడం అలవాటు కాదని మాత్రం ఇప్పుడు తెలిసింది. వైద్యులు ఆ ఒప్పందాన్ని వారం వారం తెంచినచోటు అది. ఎక్కడెంత ముడుచుకొంటుందో ముందుగా చెప్పగల లెక్క ఆనాడు లేదు. ఆమెలాంటి వేలమంది శరీరాలమీదనే మొదటి పాఠాలు నేర్చుకొన్నారు. ఎప్పుడో ఒకనాడు బల్లమీద తెర, "మచ్చ ఇక్కడికి జరిగింది" అని చూపుతుంది. ఆనాడు మరో తమ్ముడి రంధ్రం పెద్దది చేయవలసిన పనుండదు.

వైద్యులెవరైనా ఇది చదివి నా అవగాహనలో దోషముంటే తెలియజేయగలరు, సంతోషంగా దిద్దుకొంటాను. 'ఊపిరితిత్తి' అన్న మాటను మాత్రం నేను మార్చను. పోలిక కొంచెం తప్పినా ఆ పేరు పెట్టినవాడు కొలిమి దగ్గర కూర్చొని ఊపిరిని చూసినవాడు. అతనిమీద నాకు గౌరవమున్నది.